అవ్వ పాటలో కందిరీగ

మన తెలుగు డిపార్టుమెంటు గదిలో బీరువా పక్కన చిన్న బల్ల మీద నల్లటి డబ్బా ఒకటి నిలబడి ఉంటుంది, చూసే ఉంటారు. సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్దది. అది ఇంటర్నెట్ డబ్బా అనుకునేవాళ్ళే ఎక్కువ. పడుకోబెట్టి ఉన్న రోజుల్లో ఒకరిద్దరు దాని మీద టీ గ్లాసు కూడా పెట్టారు. అది పూర్తి కంప్యూటరు. పేరు రాస్ప్‌బెర్రీ పై, నాలుగో రకం. దానికి ఫ్యాను లేకుండా చేయడానికి మాకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా పట్టింది. ఎందుకు తీసేశాం, తీసేశాక ఏమయింది, చివరికి ఎలా కుదిరింది అని అడిగినవాళ్ళందరికీ ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ డబ్బా ఏం చేస్తుందో చెప్పాలి. దానికి రెండు పనులు. ఒకటి, పాత పుస్తకాల పేజీల ఫొటోలు చూసి అందులోని అక్షరాలను గుర్తుపట్టి టైపు చేసి పెట్టడం. మన ఊళ్ళోనే ఉండి తెలుగు నాటకాలు రాసి ఆడించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వంటివారి పాత అచ్చు ప్రతులు ముట్టుకుంటే పొడి రాలే స్థితికి వచ్చాయి. వాటిని ఒక్కసారి ఫొటో తీసి పెట్టుకుంటే మిగతా పని రాత్రంతా డబ్బాయే చేసుకుంటుంది. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు అక్షరాలు చదువుతుంది. తప్పులు చాలా చేస్తుంది, మనం దిద్దుకోవాలి, అది వేరే కథ. రెండో పని, పాటలు రికార్డు చేయడం. మైకు తగిలిస్తే చాలు.

జనవరిలో కౌల్ బజారు నుంచి ఒక అవ్వను పిలిపించుకున్నాం. ఇసుర్రాయి ముందు కూర్చుని పాడే పాటలు ఆమెకు వచ్చినన్ని ఇప్పుడు ఎవరికీ రావు. ఇంట్లో కోడళ్ళకు కన్నడం ఎక్కువ, మనవరాళ్ళకు ఇంగ్లీషు ఎక్కువ. ఈమెతో ఆగిపోయే పాటలవి. నలభై నిమిషాలు పాడింది. పాడుతూ మధ్యలో ఆపి, "ఏం పాపా, నీ డబ్బాలో కందిరీగ ఏమన్నా దూరిండాదా?" అని అడిగింది. మేం నవ్వాం. సాయంత్రం హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే నవ్వు రాలేదు. మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా పాట వెనక గుయ్యిమని ఒకటే మోత. అది డబ్బాలోని ఫ్యాను. బొటనవేలంత చిన్న ఫ్యాను గనక చాలా వేగంగా తిరగాలి. అంత వేగంగా తిరిగితే మోత సన్నగా, చెవిలో దూరేలా ఉంటుంది. సాఫ్ట్‌వేరుతో దాన్ని తీసేయాలని చూశాం. మోత తగ్గింది గానీ, అవ్వ గొంతు బిందెలో తల పెట్టి పాడినట్టు అయిపోయింది.

ఫ్యాను పీకేస్తే పోయేదానికి ఇంత ఆలోచన ఎందుకని నేనే స్క్రూడ్రైవర్ తెచ్చి పీకేశాను. ఎలాగూ దాని ఆకుల మీద ఎర్రటి దుమ్ము వేలి మందాన పేరుకుని ఉంది. మన బళ్ళారి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు కదా. ఫ్యాను అంటే గాలితో పాటు దుమ్మును కూడా లోపలికి లాగే యంత్రం. ఆ దుమ్ము లోపల లోహపు రెక్కల మధ్య దుప్పటిలా పరుచుకుంటుంది. చల్లబరచాల్సినదే కొన్నాళ్ళకు కప్పిపెట్టేది అవుతుంది. అందుకని పీకేయడం మంచిదే అనుకున్నాను.

మార్చి వచ్చింది. రాత్రి 120 పేజీలు అప్పజెప్పి వెళ్తే, తెల్లారేసరికి అయిపోవలసిన పని మధ్యాహ్నానికి కూడా కాలేదు. డబ్బా చెడిపోయిందేమో అనుకున్నాం. చెడిపోలేదు. తనను తాను కాపాడుకుంటోంది.

ఎట్లాగంటే, ఈ ప్రాసెసర్‌లోనే ఒక ఉష్ణమాపకం ఉంటుంది. లోపలి వేడి 80 డిగ్రీలకు చేరగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. 85 వచ్చేసరికి ఇంకా గట్టిగా తగ్గించుకుంటుంది. మామూలుగా సెకనుకు 150 కోట్ల అంచెలు నడిచేది (దీన్నే 1.5 గిగాహెర్ట్జ్ అంటారు) మెల్లగా కిందికి దిగుతుంది. వేగం తగ్గితే వేడి తగ్గుతుంది, కాస్త చల్లబడగానే మళ్ళీ పరుగెడుతుంది, మళ్ళీ వేడెక్కుతుంది. ఎండలో నీడ ఉన్న చెట్టు కింద ఆగుతూ ఆగుతూ నడిచేవాడిలాగా. దీన్ని థ్రాటిలింగ్ అంటారు. మంచి ఏర్పాటే. అది లేకపోతే ప్రాసెసర్ కాలిపోయేది. కానీ మన పని సగం వేగంతో సాగుతుంది, ఎందుకో ఎవరూ చెప్పరు. మనమే అడగాలి. వీసీజెన్‌సీఎండీ అనే కమాండుకు మెజర్_టెంప్ అని చేర్చితే అప్పటి వేడి చెబుతుంది. గెట్_థ్రాటిల్డ్ అని చేర్చితే వేగం ఎప్పుడైనా తగ్గిందో లేదో చెబుతుంది. చివర అంతా సున్నా అయితే బాగున్నట్టు. మాది సున్నా కాదు. వేడి 82.

నా బుర్రలో ఉన్న పొరపాటు అప్పుడు తెలిసింది. ఫ్యాను తీసేయడం వేరు, ఫ్యాను లేకుండా చల్లబరచడం వేరు. ఫ్యాను చేస్తున్న పనిని ఇంకెవరో చేయాలి కదా.

ఈ డబ్బా గట్టిగా పని చేసేటప్పుడు సుమారు 6 వాట్ల కరెంటు తీసుకుంటుంది. ఇంట్లో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు కన్నా తక్కువ. అయితే తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది, అందులో పెద్ద భాగం ఒకటిన్నర సెంటీమీటరు చదరం ఉన్న ఒక్క చిప్‌లో పుడుతుంది. వేడి మొత్తం కొంచెమే గానీ పుట్టే చోటు బాగా ఇరుకు. ఆ ఇరుకులోంచి గది గాలిలోకి వేడికి ఒక దారి వేయాలి. ఆ దారిలో ఎక్కడ ఇరుకుంటే అక్కడ వేడి నిలిచిపోతుంది. ఊరంతా వెడల్పు రోడ్డు వేసి ఒక్క రైల్వే గేటు దగ్గర ఆపేసినట్టు. కాబట్టి ముందు గేటు ఎక్కడుందో చూసుకోవాలి.

మాకు ఆ సంగతి తెలియక మొదట చేసింది ఇది. చిప్ మీద అంటించుకునే చిన్న అల్యూమినియం బిళ్ళలు దొరుకుతాయి, హీట్‌సింక్‌లు అంటారు. అది ఒకటి తెచ్చి అంటించి, పాత ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టి మూత వేశాం. వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గింది, అంతే. ఎందుకు తగ్గుతుంది? బిళ్ళ వేడిని పైకి తెచ్చింది, నిజమే. కానీ తెచ్చి మూత కింద ఉన్న గుక్కెడు గాలికి ఇచ్చింది. ఆ గాలి ఎక్కడికీ పోలేదు. ప్లాస్టిక్ వేడిని దాదాపుగా పోనివ్వదు. వేడిపాలు ఫ్లాస్కులో పోసి చల్లారలేదని ఏడ్చినట్టుంది మా పని.

ఫిజిక్స్ చదువుతూ తెలుగు మన దగ్గర తీసుకున్న అమ్మాయి ఒకతె ఉంది. ఆమె చూసి చెప్పిన మాట నాకు బాగా పట్టింది. "అక్కా, అన్నం చల్లారాలంటే గిన్నెలోనే ఉంచి గరిటె గుచ్చుతామా, తాంబాళంలో పరుస్తామా?" అంది. అదే సూత్రం. వేడిని ముందు పెద్ద పళ్ళెంలాంటి లోహం అంతటా పరచాలి, ఆ పళ్ళెం బయటి గాలికి తగలాలి. అంటే డబ్బాయే హీట్‌సింక్ కావాలి. అలాంటి అల్యూమినియం డబ్బాలు అమ్ముతారు. మూత లోపలివైపు ఒక దిమ్మె ఉంటుంది, అది సరిగ్గా చిప్ మీద కూర్చుంటుంది. చిప్ వేడి దిమ్మెలోకి, దిమ్మె నుంచి మూతకు, మూత నుంచి డబ్బా అంతటికీ పాకుతుంది.

అల్యూమినియమే ఎందుకు? మన ఇళ్ళల్లో సిల్వర్ గిన్నె, సత్తు గిన్నె అంటాం కదా, అదే అల్యూమినియం. దానిలో పాలు స్టీలు గిన్నెలో కన్నా తొందరగా కాగుతాయని, అడుగున ఒకేచోట మాడవని అమ్మలకు తెలుసు. స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా అల్యూమినియం వేడిని పది రెట్లకు పైగా బాగా పాకిస్తుంది. రాగి అంతకన్నా ఒకటిన్నర రెట్లకు పైగా మంచిది, కానీ ఖరీదు, బరువు. రాగి ఇక్కడ అవసరం కూడా లేదు. మన గేటు లోహంలో లేదు.

గేట్లు రెండున్నాయి. మొదటిది చిప్‌కూ దిమ్మెకూ మధ్య. రెండు లోహాలు ఆనుకుని ఉన్నట్టే కనిపిస్తాయి గానీ, కంటికి కనపడని గరుకు వల్ల మధ్య మధ్య గాలి చిక్కుతుంది. గాలి వేడికి ఎంత అడ్డమో తెలియాలంటే ఒక లెక్క చూడండి. అల్యూమినియంతో పోలిస్తే గాలి వేడిని పాకించే శక్తి కొన్ని వేల వంతులు తక్కువ. చిప్ మీద వెంట్రుక మందాన, అంటే మిల్లీమీటరులో పదో వంతు మందాన గాలి పొర ఉంటే, దానిగుండా ఒక్క వాటు వేడి దాటాలన్నా అటూ ఇటూ సుమారు 17 డిగ్రీల తేడా కావాలి. నాలుగు వాట్లు దాటాలంటే 68. వెంట్రుకంత సందు మన పనంతా చెడగొడుతుంది. అందుకే మధ్యలో థర్మల్ పేస్ట్ పూస్తారు, లేదా రబ్బరులా మెత్తగా ఉండే థర్మల్ ప్యాడ్ పెడతారు. మామూలు రకం ప్యాడ్ ఒక మిల్లీమీటరు మందం ఉంటే ఆ నాలుగు వాట్లకు ఆరేడు డిగ్రీల తేడాతో సరిపెడుతుంది. అర మిల్లీమీటరుదైతే అందులో సగం. ఎంత సన్నగా ఉండి సందు పూడిస్తే అంత మంచిది. పేస్ట్ కూడా అంతే, ఎక్కువ పూస్తే మేలు అనుకోవద్దు. అది గోరింటాకు కాదు.

ఇక్కడ మా రెండో తప్పు కూడా ఒప్పుకుంటున్నాను. ప్యాడ్‌కు రెండువైపులా పల్చని ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. ఒకవైపే తీశాం. రెండోవైపు ఉందని తెలియలేదు, అంత పల్చన. కొత్త డబ్బా, కొత్త ప్యాడ్, అయినా వేడి 79. డబ్బు దండగ అని మేడమ్‌కు ఎలా చెప్పాలా అని రెండు రోజులు దాచుకున్నాం. చేత్తో ముట్టుకుంటే డబ్బా ఒట్టి గోరువెచ్చగా ఉంది. అదే అసలు ఆనవాలు. లోపల 79 ఉండి బయట గోరువెచ్చగా ఉంటే వేడి మధ్యలో ఎక్కడో ఇరుక్కుందని అర్థం. విప్పి చూస్తే కాగితం, దాని కింద చిక్కిన గాలి బుడగలు. తీసి బిగించాక డబ్బా ముట్టుకుంటే చురుక్కుమంది. అందరూ డబ్బా వేడెక్కితే భయపడతారు. ఫ్యాను లేని డబ్బా బయట వేడిగా ఉంటేనే లోపల బాగున్నట్టు.

రెండో గేటు డబ్బాకూ గదికీ మధ్య. ఫ్యాను ఉన్నప్పుడు గాలిని తోసేది అది. లేనప్పుడు గాలి తనంతట తాను కదలాలి. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, ఆ ఖాళీలోకి కింది నుంచి చల్లగాలి వస్తుంది. పాత మిద్దె ఇళ్ళల్లో పైన గవాచి ఎందుకు పెట్టేవాళ్ళో గుర్తు తెచ్చుకోండి. పొగ, వేడి పైకి పోయేదీ, వాకిలిలోంచి గాలి లోపలికి వచ్చేదీ. ఎవరూ విసరకుండానే. ఈ కదలిక చాలా మెల్లనిది, కాబట్టి దానికి అడ్డం పెట్టకూడదు. డబ్బా మీద రెక్కల్లా గాళ్ళు ఉంటే అవి నిలువుగా ఉండేలా పెట్టాలి. అడ్డంగా ఉంటే గాలి మెట్టు మెట్టుకూ ఆగిపోతుంది. రెక్కల మధ్య సందు కూడా అర సెంటీమీటరుకు తగ్గకుండా ఉంటే మేలు. దువ్వెన పళ్ళలా దగ్గర దగ్గరగా ఉన్న రెక్కలు ఫ్యాను ఉన్నవాటికి పనికొస్తాయి. ఫ్యాను లేకపోతే వాటి మధ్య గాలి అంటుకుపోయి కదలదు. ఎక్కువ రెక్కలుంటే ఎక్కువ చల్లదనం అనుకుని కొనేవాళ్ళు ఇక్కడే మోసపోతారు.

పడుకోబెట్టిన డబ్బాను నిలబెట్టింది ఇందుకే. పడుకుంటే అడుగుభాగం బల్లకు ఆనుకుని పనికి రాకుండా పోతుంది. నిలబెడితే రెండు పెద్ద ముఖాలూ గాలికి తగులుతాయి, గాలి వాటి వెంట సాఫీగా పైకి పాకుతుంది. పైసా ఖర్చు లేని పని. మాకు నాలుగు డిగ్రీలు తగ్గింది. టీ గ్లాసుల బెడద కూడా పోయింది.

ఇక రంగు. నల్లది ఎందుకు కొన్నారు, నలుపు వేడి పీల్చుకుంటుంది కదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మంచి ప్రశ్న. వేడి వస్తువు గాలికి ఇవ్వడమే కాదు, కంటికి కనపడని కిరణాలుగా కూడా వేడిని వదులుతుంది. కుంపటికి కాస్త దూరంగా చెయ్యి పెట్టినా తగిలే సెగ అదే. ఫ్యాను ఉన్నచోట ఈ సెగ వాటా చాలా చిన్నది. ఫ్యాను లేనిచోట దాదాపు సగం ఇదే మోస్తుంది. తళతళలాడే అల్యూమినియం ఈ సెగను వదలదు, దాచుకుంటుంది. రంగు వేసినదీ, ఆనొడైజింగ్ అని పైన పొర ఎక్కించినదీ ధారాళంగా వదులుతుంది. నిజానికి నలుపే కావాలని లేదు. ఈ కిరణాల లెక్కలో తెల్ల పెయింటు కూడా నల్ల పెయింటులాగే పని చేస్తుంది. తళుకు లేకపోవడమే ముఖ్యం. నీడలో ఉన్నంతవరకు నలుపు వల్ల నష్టం లేదు. కిటికీ గట్టు మీద ఎండ పడేచోట పెడితే మాత్రం మీరు అడిగిన భయం నిజమవుతుంది. అందుకే గట్టు మీది నుంచి బీరువా పక్కకు మార్చాం.

ఇప్పుడు లెక్క కట్టుకుందాం, చాలా సులువు. డబ్బా 9 సెంటీమీటర్ల పొడవు, 6 వెడల్పు, 3 మందం అనుకుంటే ఆరు ముఖాలూ కలిపి 198 చదరపు సెంటీమీటర్లు, అంటే సుమారు 0.02 చదరపు మీటరు. గాలీ సెగా కలిసి ఒక చదరపు మీటరు నుంచి, ఒక డిగ్రీ తేడాకు, ఇంచుమించు 10 వాట్లు తీసుకుపోతాయి. అంటే మన డబ్బా డిగ్రీకి 0.2 వాటు వదలగలదు. ఆరు వాట్లు వదలాలంటే గది కన్నా 30 డిగ్రీలు వేడెక్కాలి. ఈ 30 ఎప్పుడూ గది వేడి మీద కూడాలి. ఎంత గొప్ప హీట్‌సింక్ అయినా గది కన్నా చల్లగా చేయలేదు. చలిదేశాల్లో గది 20 డిగ్రీలుంటే డబ్బా 50 దగ్గర ఆగుతుంది. మన డిపార్టుమెంటు గది ఏప్రిల్ మధ్యాహ్నం 38. అంటే డబ్బా 68, ప్యాడ్ దగ్గర తేడా కలుపుకుంటే చిప్ 75. గీతకు ఐదు డిగ్రీలే దూరం. ఎక్కడో తయారైన వస్తువు పెట్టె మీద ఫ్యాను అక్కర్లేదు అని రాసి ఉంటే, ఆ మాట ఏ గదిలో కూర్చుని రాశారో అడగాలి.

మేలో గది 41 అయితే? అందుకని మూడో పని చేశాం. పుట్టే వేడినే తగ్గించడం. అసలు ఇది మొదట చేయాల్సింది. ప్రాసెసర్ ఖర్చు దాని వేగాన్ని బట్టి పెరుగుతుంది, వోల్టేజిని బట్టి అయితే వర్గంగా పెరుగుతుంది. వేగం తగ్గిస్తే తక్కువ వోల్టేజి కూడా సరిపోతుంది. ఉదాహరణకు వేగం 20 శాతం, వోల్టేజి 10 శాతం తగ్గాయనుకోండి. 0.8ని 0.9తో రెండుసార్లు గుణిస్తే 0.65. అంటే ఐదో వంతు వేగం వదులుకుంటే లెక్కలు చేసే ఖర్చులో మూడో వంతుకు పైగా మిగిలింది. బేరం బాగుంది కదా. కాన్ఫిగ్ అనే ఫైలులో ఒక్క వరుస రాస్తే చాలు, 1500 ఉన్నచోట 1200 అయింది. పేజీలు కొంచెం ఆలస్యంగా అవుతాయి, అవనీ, రాత్రంతా ఉంది. పైగా ఎండలో ఆగి ఆగి పరుగెత్తేదానికన్నా నిదానంగా ఆగకుండా నడిచేది ముందు చేరుతోంది. ఏప్రిల్‌లో గది 38 ఉన్నప్పుడు గంటన్నర ఆపకుండా పని ఇచ్చి చూస్తే 69 దగ్గర నిలబడింది.

గంటన్నర అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఐదు నిమిషాలు చూసి బాగుంది అనుకుంటే మోసం. లోహపు డబ్బా ముందు వేడిని తాగుతుంది, తర్వాతే వేడెక్కుతుంది. మన కోటగుట్ట రాయి పొద్దున ఎండ పడగానే కాలదు, మధ్యాహ్నానికి కాలుతుంది చూడండి, అలా. వేడి ఇక పెరగడం లేదు అనేదాకా కనీసం ముప్పావు గంట ఆగాలి.

ఫ్యాను లేకుండా చేయాలనే పట్టు మనదొక్కరిదే కాదు. ఆపిల్ కంపెనీ 1980లో ఆపిల్ త్రీ అనే కంప్యూటరును ఫ్యాను లేకుండా, అల్యూమినియం పెట్టెలో తెచ్చింది. ఆలోచన మనదే, కానీ లోపల సరిగా కుదరక చిప్‌లు తమ గూళ్ళలోంచి వదులై బయటికి వచ్చేవి. యంత్రాన్ని రెండు మూడు అంగుళాలు పైకెత్తి బల్ల మీద వదిలితే మళ్ళీ కూర్చుంటాయని సలహా ఇచ్చేవారట. వాళ్ళే 2000లో క్యూబ్ అనే కంప్యూటరును మధ్యలో నిలువు గొట్టంతో, గవాచి పద్ధతిలో చేశారు. రాస్ప్‌బెర్రీ పై వాళ్ళు 2020లో కీబోర్డులోనే కంప్యూటరు పెట్టి పై 400 అని తెచ్చారు. దాని లోపల కీబోర్డు వెడల్పునా ఒక లోహపు రేకు పరిచారు. మన తాంబాళమే. ఫ్యాను లేదు, అయినా మన డబ్బా కన్నా వేగంగా నడుస్తుంది.

మన ఆయా కూడా ఒక సలహా ఇచ్చింది. కూజా కింద తడి ఇసుక పోసినట్టు దీని కింద కూడా పోయమంది. నవ్వాల్సిన మాట కాదు. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది గనక గది కన్నా చల్లగా చేయగల ఉపాయం ఇందాకటి నుంచి చెప్పినవాటిలో ఇదొక్కటే. కానీ తడీ కరెంటూ ఒకచోట ఉండకూడదు. ఆ మాట చెబితే, "అయితే నీ డబ్బా కన్నా నా కూజానే నయం" అని వెళ్ళిపోయింది.

ఎవరైనా ఇంట్లో చేసుకోవాలనుకుంటే రెండు జాగ్రత్తలు. లోహపు డబ్బా వైఫైకి అడ్డం వస్తుంది, మేం వైరు వేసుకున్నాం. పక్కనున్న పిన్నులకు డబ్బా గోడ తగిలితే బోర్డు పోతుంది, బిగించే ముందు ఒకసారి సందులో చూసుకోండి.

ఇంత చేశాక మొదటి రికార్డింగు పెట్టి వింటే కందిరీగ పోయింది. దాని వెనక ఇంకో మోత వినపడింది. గది పైకప్పుకు వేలాడే సీలింగు ఫ్యాను. ఇన్నాళ్ళూ చిన్న మోత దాన్ని కప్పేసింది. రికార్డింగప్పుడు అది కూడా కట్టేయాలి. కట్టేస్తే గదిలో గాలి కదలదు, డబ్బాకు కూడా ఆ మేరకు సాయం తగ్గుతుంది. పాట రికార్డు చేయడం ప్రాసెసర్‌కు చాలా తేలిక పని గనక ఇబ్బంది లేదు, ఆ గంటసేపు పేజీల పని ఆపేస్తే సరి. ఆ మార్పు కూడా చేసి పెట్టాం.

అవ్వ మళ్ళీ వస్తానంది, జనవరిలో పాడినవన్నీ మొదటి నుంచి పాడుతుందట. వచ్చే గురువారం మధ్యాహ్నం మూడింటికి. రాసుకోవడానికి ఇద్దరు ముగ్గురు కావాలి. గదిలో ఫ్యాను తిరగదు కాబట్టి వచ్చేవాళ్ళు విసనకర్రలు తెచ్చుకోండి. తాటాకువి వద్దు, గరగరమంటాయి. గుడ్డవైతే మంచిది.